ఒక్క రూలు మార్చబోతే మొత్తం తిరగరాసినట్టే: బోటో3తో వెబ్ ఫైర్‌వాల్ అప్‌డేట్లు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ దెబ్బతింటాయి

క్లుప్తంగా: అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లోని వెబ్ ఫైర్‌వాల్‌ను పైథాన్ లైబ్రరీ బోటో3 ద్వారా మార్చేటప్పుడు ‘ఈ ఒక్క రూలు చేర్చు’, ‘ఈ ఒక్క అడ్రసు తీసెయ్’ అనే ఆదేశాలు లేవు. ఉన్నదంతా తెచ్చుకుని, అందులో కావలసింది మార్చి, మొత్తం తిరిగి పంపాలి. పంపనిది చెరిగిపోతుంది. మధ్యలో ఇంకెవరైనా చెయ్యి పెట్టారా అన్నది లాక్ టోకెన్ అనే గుర్తు పట్టుకుంటుంది గానీ, పంపిన జాబితా సరైనదా కాదా అన్నది దాని పని కాదు. ప్రమాదాల్లో చాలావరకు ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే జరుగుతాయి.

## చేతి పని స్క్రిప్టు పని ఎందుకయింది

వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ వెబ్‌సైటుకు వచ్చే ప్రతి రిక్వెస్టునూ సర్వర్ కంటే ముందు చూస్తుంది. ఏ అడ్రసు నుంచి వచ్చింది, యూఆర్ఎల్‌లో ఏముంది, హెడర్లు ఎలా ఉన్నాయి, బాడీలో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) ముక్కలేమైనా దాగున్నాయా అని వరసగా రూల్స్‌తో పోల్చి, వదిలిపెట్టడమో ఆపడమో చేస్తుంది. మామూలు నెట్‌వర్క్ ఫైర్‌వాల్ ప్రధానంగా అడ్రసు, పోర్టు చూస్తుంది. ఇది రిక్వెస్టు లోపలికి వెళ్ళి చదువుతుంది.

అమెజాన్ ఈ సేవను 2015 అక్టోబరులో మొదలుపెట్టింది. 2019 నవంబరులో వాఫ్‌వీ2 పేరుతో కొత్త ఏపీఐ (ప్రోగ్రాములు ఆ సేవను పిలిచే మార్గం) తెచ్చింది. అప్పటిదాకా ఉన్నదానికి ‘క్లాసిక్’ అని పేరు పెట్టింది, దాన్ని 2025 సెప్టెంబరులో నిలిపేసింది. ఈ రెండు ఏపీఐలనూ పైథాన్ నుంచి పిలవడానికి వాడేది బోటో3. అందులో పాతదానికి ‘వాఫ్’, ‘వాఫ్ రీజినల్’ అనే క్లయింట్లు, కొత్తదానికి ‘వాఫ్‌వీ2’ అనే క్లయింటు వేరువేరుగా ఉన్నాయి. ఒకదాని కోసం రాసిన కోడు రెండోదానిలో పనిచేయదు. పాత నమూనా కోడును కొత్త క్లయింటుకు అతికించబోయి చిక్కుల్లో పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

స్క్రిప్టుల అవసరం ఎంతటిదో 2021 డిసెంబరులో తేలిపోయింది. జావాలో విస్తారంగా వాడే లాగ్4జే లైబ్రరీలో లోపం బయటపడింది. ఒక సంస్థలోని అన్ని సర్వర్లలో ఆ లైబ్రరీని మార్చడానికి రోజులు పడుతుంది, కొన్నిచోట్ల వారాలు. ఆలోగా ‘జేఎన్‌డీఐ’ అనే పదంతో వచ్చే రిక్వెస్టులను ముందే ఆపడానికి ఫైర్‌వాల్ రూల్స్ పెట్టారు. దాడి చేసేవాళ్ళు ఊరుకోలేదు. ఆ అక్షరాలను విడగొట్టి, పెద్ద అక్షరాన్ని చిన్నదిగా మార్చే వ్యక్తీకరణల లోపల దాచి పంపసాగారు. రూలు పెట్టడం, వాళ్ళు దాటడం, మళ్ళీ రూలు మార్చడం గంటల వ్యవధిలో సాగింది. అమెజాన్ తానే రాసి నిర్వహించే మేనేజ్డ్ రూల్స్‌లోనూ దీనికోసం ప్రత్యేకంగా ఒక రూలు చేర్చింది. పది, ఇరవై ఖాతాలున్న సంస్థలో ఇలాంటి మార్పును ఒక్కో కన్సోల్ తెరిచి చేత్తో చేయడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే స్క్రిప్టు తప్పదు. అయితే స్క్రిప్టు మంచి మార్పును ఎంత వేగంగా వ్యాపింపజేస్తుందో, చెడ్డ మార్పునూ అంతే వేగంగా వ్యాపింపజేస్తుంది.

## పాత పద్ధతికీ కొత్తదానికీ అసలు తేడా

క్లాసిక్‌లో ఒక ఐపీ సెట్‌కు, అంటే ఐపీ అడ్రసుల జాబితాకు, అడ్రసు చేర్చాలంటే ‘ఇన్సర్ట్’ అని, తీయాలంటే ‘డిలీట్’ అని చెప్పి ఆ ఒక్క అడ్రసునే పంపేవారు. అంతకుముందు ఒక చేంజ్ టోకెన్ తీసుకోవాలి. ఆ టోకెన్ స్థితిని తర్వాత అడిగి, మార్పు అంతటా చేరిందో లేదో తెలుసుకునే వీలుండేది. నాలుగు మెట్లు ఎక్కాల్సి వచ్చినా, పంపేది మాత్రం తేడా ఒక్కటే.

వాఫ్‌వీ2లో ఆ పద్ధతి తీసేశారు. ఐపీ సెట్‌ను అప్‌డేట్ చేసే పిలుపుకు పేరు, స్కోప్ (ఎక్కడ వర్తిస్తుందో చెప్పేది), ఐడీ, లాక్ టోకెన్‌తో పాటు అడ్రసుల పూర్తి జాబితా ఇవ్వాలి. అప్పటికే సెట్‌లో ఐదు వందల అడ్రసులుండి, కొత్తగా ఒక్కటి చేర్చాలనుకుని ఆ ఒక్కటే పంపితే, పాత ఐదు వందలూ పోయి ఆ ఒక్కటే మిగులుతుంది. ఎర్రర్ రాదు. పిలుపు విజయవంతమైందన్న జవాబే వస్తుంది. ఏపీఐ దృష్టిలో అది తప్పు కాదు, అడిగినదే చేసింది.

వెబ్ ఏసీఎల్ విషయంలోనూ ఇంతే. వెబ్ ఏసీఎల్ అంటే రూల్స్ అన్నీ వరసలో ఉండే పైస్థాయి పత్రం. దాన్ని అప్‌డేట్ చేసినప్పుడు మార్చడానికి వీలున్న వివరాలన్నీ పంపిన వాటితో పూర్తిగా మారిపోతాయి. ఒక రూలులో ‘కౌంట్’ (లెక్కించి వదిలెయ్) అన్నదాన్ని ‘బ్లాక్’ (ఆపు)గా మార్చాలన్నా మొత్తం రూల్స్ జాబితా, డిఫాల్ట్ యాక్షన్ (ఏ రూలుకూ తగలని రిక్వెస్టును ఏం చేయాలో), విజిబిలిటీ కాన్ఫిగ్ (కొలతలు, నమూనాల సెట్టింగు) అన్నీ తిరిగి ఇవ్వాలి.

ఈ పద్ధతికి కారణం లేకపోలేదు. రూల్స్ ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయి. ప్రయారిటీ అంకె చిన్నదైతే ఆ రూలు ముందు పనిచేస్తుంది; ఒక రూలు అంటించిన లేబుల్‌ను తర్వాతి రూలు చదువుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా మారిస్తే మధ్యలో కొన్ని క్షణాలపాటు సగం పాతది, సగం కొత్తది అమల్లో ఉంటుంది. మొత్తం ఒకేసారి తీసుకుంటే ఏ క్షణంలో చూసినా ఒక పూర్తి పత్రమే అమల్లో ఉన్నట్టు. రూల్స్ అన్నీ కలిపి ఎంత సామర్థ్యం ఖర్చవుతుందో కూడా ముందే లెక్కగట్టవచ్చు. సేవ నడిపేవారికి ఇది మేలైన ఎంపిక. ఆ మేలుతో పాటు వచ్చిన భారం మాత్రం స్క్రిప్టు రాసేవారి మీద పడింది.

## లాక్ టోకెన్ కాపాడేది ఎంత

మొత్తం తిరిగి రాసే పద్ధతిలో మొదటి ప్రమాదం ఇద్దరు ఒకేసారి రాయడం. పెళ్ళి పిలుపుల జాబితాను అన్నదమ్ములిద్దరూ చెరో నకలు తీసుకువెళ్ళారనుకుందాం. అన్న పది పేర్లు చేర్చి తెచ్చి అసలు జాబితా స్థానంలో పెట్టాడు. తమ్ముడు గంట తర్వాత తన నకలులో రెండు పేర్లు చేర్చి తెచ్చి, దాన్నే అసలు స్థానంలో పెట్టాడు. అన్న చేర్చిన పది పేర్లు ఇప్పుడు ఎక్కడా లేవు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, అయినా పది ఇళ్ళకు పిలుపు అందదు.

లాక్ టోకెన్ అడ్డుకునేది సరిగ్గా దీన్నే. ఐపీ సెట్‌నో వెబ్ ఏసీఎల్‌నో చదివినప్పుడు దాని వివరాలతో పాటు ఒక టోకెన్ వస్తుంది. అప్‌డేట్ పంపేటప్పుడు అదే టోకెన్ జతచేయాలి. ఈలోగా మరెవరైనా మార్చి ఉంటే టోకెన్ పాతబడుతుంది, ‘ఆప్టిమిస్టిక్ లాక్’ అన్న పేరుతో ఎక్సెప్షన్, అంటే ఎర్రర్, వస్తుంది, మార్పు అమలు కాదు. ముందే తాళం వేసి ఇతరులను బయట నిలబెట్టడం ఇందులో లేదు. గొడవలు అరుదుగానే వస్తాయని నమ్మి, వచ్చినప్పుడు మాత్రం రెండోవారిని వెనక్కి పంపడం దీని పద్ధతి.

చాలా స్క్రిప్టులు తప్పటడుగు వేసేది ఆ ఎక్సెప్షన్ వచ్చాకే. కొత్త టోకెన్ తెచ్చుకుని, పాత జాబితానే మళ్ళీ పంపేస్తాయి. ఈసారి పిలుపు సాఫీగా నడుస్తుంది, మొదటివారి మార్పు మాత్రం గల్లంతవుతుంది. తమ్ముణ్ణి గుమ్మం దగ్గర ఆపి, మళ్ళీ అదే కాగితంతో లోపలికి పంపినట్టే. సరైన క్రమం వేరు. టోకెన్‌తో పాటు తాజా జాబితానూ మళ్ళీ చదవాలి. చేయదలచిన మార్పును ఆ తాజా జాబితా మీద మళ్ళీ లెక్కగట్టాలి. ఆ తర్వాతే పంపాలి. కాబట్టి కోడులో ‘కొత్త జాబితా’ను దాచుకోవడం కాక, ‘చేర్చాల్సినవి, తీయాల్సినవి’ అన్న రెండు చిన్న జాబితాలను దాచుకోవడం మేలు. క్లాసిక్ ఏపీఐలో ఉండి, వాఫ్‌వీ2లో పోయిన చేర్చు, తీసెయ్ అనే భావనను స్క్రిప్టులోనే తిరిగి కట్టుకోవడం అన్నమాట.

ఇందులోనే మరో సూక్ష్మం ఉంది. నెట్‌వర్క్ లోపం వల్ల జవాబు అందకపోతే బోటో3 లోపలి యంత్రాంగం అదే పిలుపును మళ్ళీ పంపుతుంది. మొదటిసారి పంపింది నిజానికి అమలై, జవాబు మాత్రమే దారిలో పోయి ఉంటే? అప్పటికి టోకెన్ మారిపోయింది కాబట్టి రెండో ప్రయత్నానికి లాక్ ఎక్సెప్షన్ వస్తుంది. స్క్రిప్టు మాత్రం తన పని విఫలమైందనుకుంటుంది. అందువల్ల ఈ ఎక్సెప్షన్ వచ్చిన ప్రతిసారీ మొదట చూడాల్సింది, కోరుకున్న స్థితి అప్పటికే వచ్చేసిందా అని. వచ్చి ఉంటే చేయాల్సింది ఏమీ లేదు.

## టోకెన్‌కు అందని జారుబాట్లు

టోకెన్ సరిగ్గా ఉండి, ఇంకెవరూ జోక్యం చేసుకోకుండా ఉన్నా కూడా వివరాలు పోయే దారులు కొన్ని ఉన్నాయి. ఇవి కంటికి కనిపించవు కాబట్టి కాస్త వివరంగా చూడడం అవసరం.

వెబ్ ఏసీఎల్‌ను చదివితే వచ్చే జవాబును ఉన్నది ఉన్నట్టు అప్‌డేట్ పిలుపుకు ఇవ్వడం కుదరదు. ఆ జవాబులో ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్ ఇచ్చే పూర్తి గుర్తింపు పేరు), కెపాసిటీ, లేబుల్ నేమ్‌స్పేస్ లాంటివి ఉంటాయి. అప్‌డేట్ పిలుపు వాటిని ఒప్పుకోదు, రిక్వెస్టు బయటికి వెళ్ళకముందే బోటో3 తిరస్కరిస్తుంది. దాంతో స్క్రిప్టు రాసేవారు కావలసిన ఫీల్డులను ఏరుకుంటారు. తప్పనిసరి అయినవి మరిచిపోతే ఎర్రర్ వస్తుంది కనుక అవి గుర్తుంటాయి. ఐచ్ఛికమైనవి మరిచిపోతే ఎవరూ గుర్తుచేయరు. టోకెన్ డొమైన్ల జాబితా (ఇది లాక్ టోకెన్‌కు సంబంధించింది కాదు), క్యాప్చా గడువు, ఛాలెంజ్ గడువు, బాడీలో ఎంతవరకు చదవాలో చెప్పే అసోసియేషన్ కాన్ఫిగ్, చివరికి వివరణ వాక్యం కూడా ఇలా పోగలవు. క్లౌడ్‌ఫ్రంట్ (అమెజాన్ సీడీఎన్, అంటే సైటు నకళ్ళను సందర్శకుల దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ) ముందున్న ఫైర్‌వాల్ బాడీలో మామూలుగా 16 కేబీ చదువుతుంది. దాన్ని 64 కేబీ దాకా పెంచుకోవచ్చు. పెంచినవారు ఒకరు, ఆ ఫీల్డు మరిచిన స్క్రిప్టు రాసినవారు ఇంకొకరు అయితే, ఒక సాదాసీదా రూలు మార్పుతో తనిఖీ లోతు తిరిగి 16 కేబీకి పడిపోతుంది. ఆ సంగతి చెప్పే ఎర్రర్ ఉండదు.

రెండో దారి లైబ్రరీ వయసు. బోటో3 ఏ జవాబునైనా తన దగ్గరున్న సేవ నమూనాను బట్టి విప్పుతుంది. ఆ నమూనాలో లేని కొత్త ఫీల్డు జవాబులో వస్తే దాన్ని నిశ్శబ్దంగా వదిలేస్తుంది. చదవడం వరకైతే ఇబ్బంది లేదు. చదివినదాన్నే తిరిగి రాసే చోట మాత్రం ఇది ప్రమాదం. రేటు పరిమితి రూల్స్ (ఒక వ్యవధిలో మరీ ఎక్కువ రిక్వెస్టులు పంపేవారిని ఆపేవి) ఒకప్పుడు ఐదు నిమిషాల వ్యవధినే లెక్కించేవి. 2024లో ఆ వ్యవధిని ఒకటి, రెండు, ఐదు, పది నిమిషాల్లో ఎంచుకునే వీలు వచ్చింది. కన్సోల్‌లో ఎవరో దాన్ని ఒక నిమిషంగా పెట్టారు. అంతకుముందు నాటి బోటో3తో నడుస్తున్న స్క్రిప్టు ఆ ఫీల్డును చూడలేదు, తిరిగి పంపలేదు. వ్యవధి మళ్ళీ ఐదు నిమిషాలయింది. పైగా ఈ రకం రూలులో సెట్టింగు మారితే అప్పటిదాకా లెక్కించిన రిక్వెస్టుల సంఖ్య కూడా మొదటికొస్తుంది. దాడి నడుస్తున్న సమయంలో అయితే ఇది చిన్న విషయం కాదు. లాంబ్డాలో (సర్వర్ పెట్టుకోకుండా కోడు నడిపే ఏడబ్ల్యూఎస్ సేవలో) ముందే ఉండే బోటో3 ఎప్పుడూ తాజాదే అయి ఉండదు కాబట్టి, వెబ్ ఏసీఎల్‌లను తిరగరాసే లాంబ్డాకు లైబ్రరీని విడిగా జతచేసుకుని, దాన్ని తరచూ పెంచుకుంటూ ఉండడం అనవసరపు జాగ్రత్త కాదు.

మూడోది బైట్ల సమస్య. రూలులో వెతకాల్సిన పదాన్ని బోటో3 బైట్లుగా ఇస్తుంది, బైట్లుగానే తీసుకుంటుంది. మార్చేముందు పాత స్థితిని జేసన్ ఫైలుగా దాచుకుందామంటే పైథాన్ ఆ బైట్ల దగ్గర ఆగిపోతుంది. దాన్ని దాటడానికి కొందరు బేస్64లోకి (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతిలోకి) మార్చి దాచి, తిరిగి పంపేటప్పుడు విప్పడం మరుస్తారు. బోటో3 తన వంతుగా మరోసారి బేస్64 చేస్తుంది. ఫైర్‌వాల్ ఇక అసలు పదాన్ని కాక, బేస్64లో ఉన్న అక్షరాల గొలుసును వెతుకుతూ కూర్చుంటుంది. రూలు ఉంటుంది, పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, ఒక్క దాడినీ పట్టదు.

## హైదరాబాద్ రీజియన్ నుంచి పనిచేసేవారికి

స్కోప్ అనే పరామితికి రెండే విలువలు: రీజినల్, క్లౌడ్‌ఫ్రంట్. లోడ్ బ్యాలెన్సర్, ఏపీఐ గేట్‌వే లాంటివాటికి మొదటిది. క్లౌడ్‌ఫ్రంట్ పంపిణీలకు రెండోది. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌ను, అంటే ఏపీ-సౌత్-2ను డిఫాల్టుగా పెట్టుకున్న స్క్రిప్టు క్లౌడ్‌ఫ్రంట్ స్కోప్‌తో పిలిస్తే, స్కోప్ చెల్లదన్న ఎర్రర్ వస్తుంది. ముంబై రీజియన్‌లోనూ అంతే. క్లౌడ్‌ఫ్రంట్ స్కోప్ పిలుపులన్నీ ఉత్తర వర్జీనియా రీజియన్, యూఎస్-ఈస్ట్-1కే వెళ్ళాలి. కాబట్టి ఒకే స్క్రిప్టు రెండింటినీ మార్చాలంటే రెండు క్లయింట్లు తయారుచేసుకోవాలి. వెబ్ ఏసీఎల్‌ను క్లౌడ్‌ఫ్రంట్ పంపిణీకి తగిలించే పని కూడా వాఫ్‌వీ2 క్లయింటు చేయదు. పంపిణీ సెట్టింగులనే అప్‌డేట్ చేయాలి.

## అడ్రసుల జాబితా: తేలిగ్గా కనిపించే చోటే ఎక్కువ నష్టం

స్క్రిప్టులు అత్యధికంగా మార్చేది ఐపీ సెట్‌లనే. ఒక సెట్‌లో పది వేల దాకా అడ్రసు శ్రేణులు పట్టవచ్చు. ఎక్కడినుంచో చెడ్డ అడ్రసుల జాబితా దింపుకుని, గంటకోసారి సెట్‌ను దానితో మార్చేసే స్క్రిప్టు రాయడానికి ముప్పై వరుసలు చాలు. ఆ ముప్పై వరుసల్లో సాధారణంగా లేనిది ఒక్కటే: జాబితా రాకపోతే ఏం చేయాలన్నది.

ఖాళీ జాబితాను ఏపీఐ సంతోషంగా తీసుకుంటుంది. దింపుకోవడం విఫలమై చేతికి ఏమీ రాకపోతే, బ్లాక్ జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అదే సెట్ ‘వీరిని మాత్రమే రానివ్వు’ అన్న రూలుకు ఆధారమైతే, సొంత సిబ్బందే బయట నిలబడతారు. దీనికి వ్యతిరేక దిశలో, స్లాష్ 0 శ్రేణిని (అంటే అన్ని అడ్రసులనూ) ఏపీఐ ఒప్పుకోదు గానీ స్లాష్ 1ని (అంటే వాటిలో సగాన్ని) ఒప్పుకుంటుంది. అంటే రెండు వరుసల్లో ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 మొత్తాన్నీ ఆపేయవచ్చు. అందుకే పంపేముందు కొత్త జాబితాను పాతదానితో పోల్చి చూసే కాపలా కోడు కావాలి: సంఖ్య ఒక్కసారిగా సగానికి పడిపోయినా, ఒక శ్రేణి మరీ వెడల్పుగా ఉన్నా, ఆగి మనిషిని పిలవాలి. ఇది అలంకారం కాదు, ఇలాంటి స్క్రిప్టులో అత్యంత విలువైన భాగం ఇదే.

ఐపీ సెట్ ఒక్కటి ఒకే తరానికి చెందుతుంది: ఐపీవీ4 లేదా ఐపీవీ6. రెండూ కలపడం కుదరదు. భారతదేశంలో మొబైల్ నెట్‌వర్కుల మీద ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ. ఐపీవీ4 సెట్ ఒక్కటే నిర్వహించే స్క్రిప్టు, సైటు ఐపీవీ6ను కూడా అందుకుంటూ ఉంటే, సగం తలుపునే కాస్తున్నట్టు లెక్క. మరోవైపు మన మొబైల్ కంపెనీలు ఒకే ఐపీవీ4 అడ్రసును చాలామంది వినియోగదారులకు పంచుతాయి. ఆ వెనుక ఒక్కరు చేసిన పనికి ఆ అడ్రసును ఆపితే, దాని వెనకే ఉన్న వందలమంది మామూలు వాడకందార్లకు పేజీ తెరుచుకోదు. పరీక్షా ఫలితాల సైటు, టికెట్ల సైటు లాంటిచోట ఆ నష్టం వెంటనే తెలుస్తుంది. ఇటువంటి ట్రాఫిక్‌కు శాశ్వతంగా అడ్రసును ఆపడం కంటే, రేటు పరిమితి రూలో ఛాలెంజ్ చర్యో మేలు. రేటు పరిమితి ఆ అడ్రసు వెనకున్న అందరినీ ఆపినా తాత్కాలికంగానే ఆపుతుంది; ఛాలెంజ్ ఒక్కో బ్రౌజర్‌నూ విడిగా పరీక్షించి మామూలువారికి దారి ఉంచుతుంది.

ముందు మరో సీడీఎన్ ఉన్న సైట్లలో ఇంకో చిక్కు. ఫైర్‌వాల్‌కు కనిపించే అడ్రసు సందర్శకుడిది కాదు, ఆ సీడీఎన్‌ది. అప్పుడు అసలు సందర్శకుడి అడ్రసును మోసే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ చూడమని రూలులో విడిగా చెప్పాలి. చెప్పకుండా ‘ఎక్కువ దాడులు చేస్తున్న అడ్రసు’ను స్క్రిప్టు తనంతట తాను ఆపితే, ఆపేది సీడీఎన్‌నే.

## రూలే తప్పయినప్పుడు

జాబితాల సంగతి అలా ఉంచితే, రూలు రాతలోనే తప్పు ఉంటే ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఉదాహరణ అమెజాన్‌ది కాదు, సీడీఎన్, ఫైర్‌వాల్ సేవలు అందించే మరో సంస్థ క్లౌడ్‌ఫ్లేర్‌ది. 2019 జులై 2న ఆ సంస్థ తన ఫైర్‌వాల్‌కు కొత్త రూలు ఒకటి పంపింది. అందులోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) కొన్ని ఇన్‌పుట్ల మీద విపరీతంగా వెనక్కీ ముందుకీ తిరుగుతూ ప్రాసెసర్‌ను నూరు శాతం మింగేసింది. ప్రపంచవ్యాప్తంగా ఆ సంస్థ వెనకనున్న సైట్లు దాదాపు 27 నిమిషాలు 502 ఎర్రర్ చూపించాయి. గమనించాల్సిన సంగతి, ఆ రూలు ఎవరినీ ఆపే స్థితిలో పెట్టలేదు. కేవలం లెక్కించే స్థితిలోనే పంపారు. లెక్కించడానికైనా పోల్చాలి, పోల్చడంలోనే ప్రాసెసర్ పోయింది. ఆ సంస్థలో మామూలు సాఫ్ట్‌వేర్ మార్పులు అంచెలంచెలుగా వెళ్ళేవి. ఫైర్‌వాల్ రూల్స్ మాత్రం కొత్త దాడులకు వెంటనే స్పందించాలి కాబట్టి ఒకేసారి అన్నిచోట్లకూ వెళ్ళేవి.

2025 డిసెంబరు 5న అదే సంస్థలో మరో రూపంలో ఇలాంటిదే జరిగింది. వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్‌లో బయటపడిన తీవ్రమైన లోపం నుంచి కస్టమర్లను కాపాడేందుకు ఫైర్‌వాల్ చదివే బాడీ పరిమాణాన్ని పెంచుతున్నారు. ఆ పనిలో భాగంగా ఒక అంతర్గత పరీక్షా సాధనాన్ని, సెకన్లలో అంతటా పాకే కాన్ఫిగరేషన్ వ్యవస్థ ద్వారా ఆపేశారు. ఆ ఆపడం ఒక పాత దోషాన్ని తట్టిలేపింది. దాదాపు 25 నిమిషాలపాటు ఆ సంస్థ మోసే హెచ్‌టీటీపీ ట్రాఫిక్‌లో సుమారు 28 శాతం దెబ్బతింది. రెండు ఘటనల్లోనూ కాపాడాలన్న ఉద్దేశమే, తొందర అవసరమైన సందర్భమే. అంచెలు లేకపోవడమే రెంటిలోనూ ఉమ్మడి అంశం.

ఏడబ్ల్యూఎస్‌లో ప్రాసెసర్ ఖర్చుకు కొంత అడ్డుకట్ట ఉంది. ప్రతి రూలుకూ ఇంత సామర్థ్యం అని యూనిట్లలో లెక్క కడతారు. వెబ్ ఏసీఎల్‌కు గరిష్ఠం 5,000 యూనిట్లు. 1,500 దాటితే రిక్వెస్టుల మీద అదనపు రుసుము పడుతుంది. బరువెంతో పంపకముందే చెప్పే పిలుపు బోటో3లో ఉంది. అయితే రూలు తేలికైనదే అయినా అర్థంలో తప్పు ఉండవచ్చు. అమెజాన్ ఇచ్చే కోర్ రూల్ సెట్‌లో 8 కేబీ మించిన బాడీని ఆపే రూలు ఒకటుంది. ఫొటోలు, పీడీఎఫ్‌లు అప్‌లోడ్ చేసే పేజీ ఉన్న సైటులో ఆ సెట్‌ను నేరుగా అమల్లో పెడితే, దరఖాస్తు నింపుతున్న మామూలు మనుషులే ఆగిపోతారు.

కాబట్టి కొత్త రూలు మొదట కౌంట్ స్థితిలో వెళ్ళాలి. లాగ్స్‌లోనో, గత మూడు గంటల నమూనా రిక్వెస్టులను ఇచ్చే పిలుపుతోనో ఎవరు తగులుతున్నారో చూడాలి. స్క్రిప్టులో ఇక్కడ ఒక మెలిక ఉంది. సొంతంగా రాసిన రూలుకు ‘యాక్షన్’ ఉంటుంది. రూల్ గ్రూపును, అంటే ముందే కట్టగా రాసిన రూల్స్‌ను, పిలిచే రూలుకు ‘ఓవర్‌రైడ్ యాక్షన్’ ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే ఏపీఐ తిరస్కరిస్తుంది. అన్ని రూల్స్ మీదా తిరుగుతూ ఒకే ఫీల్డును మార్చే లూప్ ఇక్కడే తెగుతుంది.

మార్పు పంపగానే అంతటా ఒకే క్షణంలో అమలవుతుందనుకోకూడదు. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో ఒక అడ్రసు ఒకచోట ఆగి, మరోచోట లోపలికి రావచ్చు. కొత్తగా ఐపీ సెట్ సృష్టించి, వెనువెంటనే దాన్ని వాడే రూలును పంపితే, అలాంటి వస్తువు దొరకడం లేదన్న ఎర్రర్ రావచ్చు. కాసేపు ఆగి మళ్ళీ పంపితే సరిపోతుంది. క్లాసిక్‌లో ఉన్న ‘మార్పు చేరిందా’ అని అడిగే వీలు ఇప్పుడు లేదు కాబట్టి, పరీక్ష రిక్వెస్టు పంపి చూసుకోవడమే నమ్మదగిన దారి.

## టెర్రాఫామ్‌కూ స్క్రిప్టుకూ సరిహద్దు

పెద్ద సంస్థల్లో వెబ్ ఏసీఎల్‌లు సాధారణంగా, క్లౌడ్ అమరికను ఫైలులో రాసినట్టు తయారుచేసే టెర్రాఫామ్ లాంటి సాధనాల చేతిలో ఉంటాయి. ఫైలులో రాసిందే నిజమని అది నమ్ముతుంది. రాత్రి దాడి వచ్చినప్పుడు బోటో3 స్క్రిప్టు ఒక రూలు చేర్చిందనుకుందాం. పొద్దున ఎవరో సంబంధం లేని మార్పు కోసం టెర్రాఫామ్ నడుపుతారు. తన ఫైలులో లేని ఆ రూలు దానికి తేడాగా కనబడుతుంది, తీసేస్తుంది. ఇక్కడ లాక్ టోకెన్ ఏమీ చేయలేదు. టెర్రాఫామ్ తాజా టోకెన్‌తోనే వచ్చింది, తెలిసే తీసేసింది.

ఆచరణలో నిలబడే విభజన ఒకటుంది. ఏ రూలు ఏ ప్రయారిటీలో ఉండాలన్న నిర్మాణం టెర్రాఫామ్‌కు, ఆ రూలు చూసే ఐపీ సెట్ లోపలి అడ్రసులు స్క్రిప్టుకు. ఐపీ సెట్‌లోని అడ్రసుల తేడాలను పట్టించుకోవద్దని టెర్రాఫామ్‌కు ముందే చెప్పి పెట్టాలి. అప్పుడు స్క్రిప్టు వెబ్ ఏసీఎల్ జోలికే వెళ్ళదు. పైన చెప్పిన జారుబాట్లలో సగానికి పైగా, అసలు ఆ పిలుపే లేకపోవడంతో తొలగిపోతాయి. అత్యవసరానికి ముందుగానే ఖాళీ ఐపీ సెట్‌తో ఒక బ్లాక్ రూలును సిద్ధంగా ఉంచడం కూడా ఈ ఆలోచనలో భాగమే. దాడి వేళ చేయాల్సింది అడ్రసులు నింపడం ఒక్కటే అవుతుంది.

## ఎవరికి ఏ అనుమతి, వెనక్కి ఎలా

ఈ విభజన అనుమతుల దగ్గరా పనికొస్తుంది. అడ్రసులు మార్చే స్క్రిప్టుకు ఆ ఒక్క ఐపీ సెట్‌ను చదివే, మార్చే అనుమతి చాలు. వెబ్ ఏసీఎల్ మార్చే అనుమతి ఇస్తే, ఆ స్క్రిప్టు తాళపుచెవులు చేజిక్కించుకున్నవారు మొత్తం ఫైర్‌వాల్‌ను ఖాళీ చేయగలరు. 2019లో బయటపడిన క్యాపిటల్ వన్ ఘటన దీనికి బలమైన సాక్ష్యం. అక్కడ తప్పుగా అమర్చిన ఫైర్‌వాల్ ద్వారా దాడి చేసిన వ్యక్తికి ఆ సర్వర్‌కు కేటాయించిన రోల్ (అనుమతుల కట్ట) తాళపుచెవులు దొరికాయి. ఫైర్‌వాల్‌కు అవసరం లేని అనుమతి, ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్ళు దాచే ఎస్3 బకెట్లను జాబితా వేసి చదివే అనుమతి, ఆ రోల్‌కు ఉంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటికి వెళ్ళాయి. కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే అనుమతులను మిగతావాటికంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి, తక్కువగా కాదు.

ఎవరు ఎప్పుడు మార్చారన్నది ఏడబ్ల్యూఎస్ పిలుపుల చిట్టా క్లౌడ్‌ట్రెయిల్‌లో నమోదవుతుంది. దాని ఆధారంగానే వెనక్కి వెళ్దామంటే కాలం పడుతుంది. స్క్రిప్టు ప్రతి మార్పుకు ముందు పాత పూర్తి స్థితిని, బైట్లను చెడగొట్టని రూపంలో, వెర్షన్లు దాచే ఎస్3 బకెట్‌లో పెట్టుకుంటే వెనక్కి వెళ్ళడం నిమిషాల పని. అయితే దాచిన స్థితిని తిరిగి పంపేటప్పుడు దానితో పాటు దాచిన టోకెన్ చెల్లదు. మొదట తాజాగా చదివి కొత్త టోకెన్ తీసుకోవాలి. ఆ చదివినదాన్నీ దాచినదాన్నీ పోల్చి, చెడ్డ మార్పు తర్వాత ఇతరులు చేర్చిన మంచి రూల్స్ ఏమైనా ఉన్నాయేమో చూసి, వాటిని ఉంచుతూ మిగిలింది వెనక్కి తిప్పాలి. ఆ తర్వాత కూడా అంతటా చేరడానికి అవే కొన్ని సెకన్లు, కొన్ని నిమిషాలు పడతాయి కాబట్టి, ఈలోగా మరో అప్‌డేట్ పంపే షెడ్యూలు స్క్రిప్టులను ముందే ఆపి ఉంచాలి.